అర్పా అవతలి దూడలు

మా చెల్లెలు చిట్టి పోయిన నెల రాయపూర్ నుంచి వచ్చి నాలుగు రోజులు ఉండి వెళ్ళింది. మూడు రోజులు బుద్ధిగానే ఉంది. నాలుగో రోజు భోజనాల దగ్గర, మా మనవలందరూ చుట్టూ చేరిన సమయం చూసుకుని, "మీ నాయనమ్మ చిన్నప్పుడు ఏటి చేసిందో తెలుసా?" అని మొదలుపెట్టింది. మా మామ్మ కోసం పంపిన జున్నుపాలు నేను దారిలో తాగేసి, లోటాలో వేరే పాలు నింపి తెచ్చానట. దొరికిపోయి మొట్టికాయలు తిన్నానట. అప్పటి నుంచీ ఇంట్లో నన్ను పాలపిల్లి అనేవారట. పిల్లలు పడీ పడీ నవ్వారు. చిన్నది పరీ అయితే "దాదీ చోర్!" అని కేక పెట్టి నా చుట్టూ గెంతింది. అంతా అయ్యాక, రైలుకి బయలుదేరుతూ చిట్టి, "అక్కా, అమ్మ జున్ను డబ్బా నాకిచ్చీయే, అమ్మ గుర్తుగా ఉంచుకుంటాను" అంది. ఇవ్వలేదు. ఎందుకివ్వాలి? ఆ డబ్బా ముందు పొగలో కూర్చున్నది నేను. దాని అడుగున అంటుకున్న తీపిని గోకి తిన్నది చిట్టి.

నాకిప్పుడు పళ్ళు లేవు, ఒక కంట్లో పొర ఉంది, మోకాళ్ళు రెండూ నా మాట వినవు. జ్ఞాపకం మాత్రం ఎక్కడా చెదరలేదు. నాకు జరిగిన అన్యాయాలు ఒక్కొక్కటీ ఏ అరుగు మీద, ఎవరెవరు చూస్తుండగా జరిగాయో చెప్పగలను. ఈ పాలపిల్లి సంగతి వాటిలో మొదటిది, అందుకే అన్నిటికంటే పెద్దది. మా మనవలకి తెలుగు చదవడం రాదు. బడిలో హిందీ, ఇంగ్లీషు. ఇంట్లో తెలుగు మాట సగంలో వదిలేసి హిందీలోకి దూకుతారు. వాళ్ళు చదవరని తెలిసే రాస్తున్నాను. ఇది చదివినవాళ్ళెవరైనా రాయపూర్ వైపు వెళితే, చిట్టి ఇంటి ముందు నిలబడి గట్టిగా వినిపించండి.

మేముండేది బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో, లోకో షెడ్డుకి దగ్గరగా, రెండు గదుల క్వార్టర్లో. మా నాన్న ఇంజిన్ మీద ఫైర్‌మన్. మా వరసలో ఉన్నవాళ్ళందరూ బొబ్బిలి, విజయనగరం, చీపురుపల్లి వైపు నుంచి వచ్చినవాళ్ళే. గోడకి గడియారం ఎవరింట్లోనూ లేదు, ఎవరికీ అవసరం రాలేదు. రాయపూర్ పాసింజరు కూత వేస్తే పొయ్యి మీద ఎసరు, షెడ్డు సైరన్ మోగితే నాన్నకి క్యారేజీ, కట్నీ బండి వెళ్ళిందంటే మేము జడలు వేసుకుని బడికి. ఆరేసిన బట్టల మీద రోజూ సన్నటి మసి పడేది. ఆ మసి వాసన, సిగిడీలో రగిలే బొగ్గుల వాసన, వాటి మీద మా మామ్మ చుట్ట వాసన. ఈ మూడూ కలిస్తే నా చిన్నతనం.

మామ్మ, అంటే నాన్న తల్లి, మా తాత పోయిన తరువాత చీపురుపల్లి నుంచి మా దగ్గరికి వచ్చింది. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం ప్లాట్‌ఫారం ఈ చివరి నుంచి ఆ చివరిదాకా వినిపించేది. మా వైపు పెద్దాళ్ళలాగే చుట్టని నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని కాల్చేది. నోరు మూసుకుని నిప్పు మింగుతున్నట్టు కూర్చుని, ఉన్నట్టుండి అది బయటికి తీసి ఒక తిట్టు తిట్టి, మళ్ళీ లోపల పెట్టుకునేది. ఆవిడకి పళ్ళన్నీ పుచ్చిపోయి దవడలు వాచిపోతే, ఆసుపత్రిలో మూడు దఫాలుగా అన్నీ పీకేశారు. నొప్పి తగ్గింది. కోపం మాత్రం మొదలైంది. "ఒక్క పన్నయినా ఉంచకుండా లాగీసేడు. ఆడికేటి పని, నా పళ్ళు ఆడు పెట్టుకుంటాడేటి?" అని వచ్చినవాళ్ళందరికీ బోసినోరు తెరిచి చూపించేది.

పళ్ళు లేవు కాబట్టి గంజి, చోడి అంబలి, మెత్తగా పిసికిన పప్పన్నం. నాలుగు రోజులు తిన్నది. అయిదో రోజు కంచం తోసేసి, "ఇది పశువుకెట్టే కుడితి. నాకొద్దు" అంది. అమ్మ ఏం చేసి పెట్టినా అదే మాట. మనిషి కళ్ళు లోపలికి పోయాయి, చుట్ట కాల్చడం కూడా మానేసింది. ఒకరోజు పొద్దున్న తన రేకు ట్రంకు పెట్టె సర్ది గుమ్మంలో పెట్టుకుని దాని మీద కూర్చుంది.

"నన్ను రైలెక్కించీరా. మన ఊరెల్లి సచ్చిపోతాను. ఇక్కడ సస్తే కర్రలు కూడా బొగ్గు కంపే."

"అమ్మా, ఈ ఒంటితో రెండు బళ్ళు మారి ఎలగెల్తావు?" అన్నాడు నాన్న.

"పీనుగలాగ ఎల్తాను. నీకేటి?"

మా అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి వణికిపోయింది. ఆవిడ భయం నాకిప్పటికీ అర్థమవుతుంది. ముసలావిడ ఆ ఎముకల గూడుతో చీపురుపల్లి స్టేషన్లో దిగిందంటే, కోడలు తిండి పెట్టకుండా మాడ్చి పంపేసిందని ఆ ఊరంతా అనుకుంటుంది. ఆ తరువాత అమ్మ తన పుట్టింటికి కూడా తలెత్తుకుని వెళ్ళలేదు. అంతకంటే ముందు, దారిలోనే ప్రాణం పోయే అవకాశం ఉంది. ఎలాగైనా ముసలావిడ చేత తినిపించాలి, పెట్టె మళ్ళీ మంచం కిందికి చేర్చాలి. ఇంట్లో ఆ వారమంతా వేరే మాట లేదు.

నాన్న పనిచేసే ఇంజిన్‌కి డ్రైవరు ఒక ఆంగ్లో ఇండియన్ దొర. బండి మీద నాన్న మొహం వేలాడేసుకుని ఉండడం చూసి సంగతి అడిగాడట, ఇంటికెళ్ళి భార్యకి చెప్పాడట. ఆ మేమ్‌సాబ్ మర్నాడు ఒక పింగాణీ గిన్నెలో ఏదో పెట్టి, పైన తెల్లటి గుడ్డ కప్పి పంపించింది. పాలు, గుడ్లు, పంచదార కలిపి ఆవిరి మీద ఉడికించిన పుడ్డింగు. తాకితే వణుకుతోంది. అడుగున ఎర్రగా కాచిన పంచదార పాకం. మా మామ్మకి గుడ్డుతో పేచీ లేదు, చేపలూ రొయ్యలూ తిన్న మనిషే. దొరల ఇంటి వంట మాత్రం చచ్చినా ముట్టదు.

"ఏటిరా అది?" అని అడిగింది, పెట్టె మీద నుంచే.

నాన్న గిన్నె వైపు చూశాడు, పెట్టె వైపు చూశాడు. "జున్నమ్మా" అన్నాడు.

"జున్నే? ఎవులిచ్చారు?"

"మనకి పాలు పోసే దుకాలూ. ఆవు ఈనింది."

మా ఇంట్లో మొదటి అబద్ధం ఆడింది మా నాన్న. చదివేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. తరువాత ఎవరి పేరు ఎలా పాడైనా, మొదలుపెట్టింది ఆయన. ఆయన్ని ఎవరూ ఏ పిల్లీ అనలేదు.

మామ్మ ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. పెట్టుకుని కళ్ళు మూసుకుంది. రెండో చెంచా తనంతట తనే తీసుకుంది. గిన్నె ఖాళీ చేసి, వేలితో అడుగు తుడిచి, ఆ వేలు చప్పరించి, "బాగుణ్ణాది. మొదటి పూట పాలు, అందుకే అడుగున ఎర్రబడింది" అంది. తరువాత చుట్ట అడిగింది. అమ్మ కళ్ళు తుడుచుకుని చుట్ట ఇచ్చింది. పెట్టె మంచం కిందికి వెళ్ళింది.

అక్కడితో అయిపోయి ఉంటే ఈ కథే లేదు. గిన్నె తీసుకెళ్ళబోతున్న నాన్నని మామ్మ ఆపింది. జున్నుపాలు వచ్చిన గిన్నె మా వైపు ఖాళీగా పంపరు. అందులో గుప్పెడు తవుడు, ఒక బెల్లం ముక్క వేసి ఈనిన ఆవు చేత తినిపించాలి. లేకపోతే పాలు ఎగిసిపోతాయని నమ్మకం. మామ్మ తనే లేచి తవుడు, బెల్లం వేసింది. "ఎల్లు, ఆవుకి పెట్టీసి రా" అంది. నాన్నకి డ్యూటీ గుర్తొచ్చింది. అమ్మకి పొయ్యి గుర్తొచ్చింది. చిట్టికి అప్పుడు నాలుగేళ్ళు. మిగిలింది నేను.

"పైడీ, ఎల్లే అమ్మా" అన్నాడు నాన్న.

ఈనని ఆవు దగ్గరికి తవుడు మోసుకుని వెళ్ళాను. దుకాలూ పశువుల పాక కాలనీ చివర ఉండేది. అతనికి ఒకే ఒక ఎర్రావు. గిన్నె దాని ముందు పెట్టగానే రెండు నాకుళ్ళలో అంతా ఖాళీ. దుకాలూ గడ్డి మోపు కింద పెట్టి ఆశ్చర్యంగా చూశాడు. "నోనీ, మోర్ గాయ్ లా కాబర్ ఖవాత్ హస్?" తన ఆవుకి నేనెందుకు తిండి పెడుతున్నానని. "ఊరికే" అన్నాను. నేనాడిన మొదటి అబద్ధం అదే, అది కూడా ఒక్క మాట.

మేమ్‌సాబ్‌ని రోజూ అడగలేం కదా, అమ్మే నేర్చుకోవలసి వచ్చింది. నేర్పేదెవరు? మేమ్‌సాబ్ తన భర్తకి చెప్పాలి, ఆయన ఇంజిన్ మీద నాన్నకి చెప్పాలి, నాన్న డ్యూటీ దిగి వచ్చి అమ్మకి చెప్పాలి. పాలు, గుడ్లు, పంచదార కలిపి డబ్బాలో పోయాలన్నంతవరకు ఒక డ్యూటీలో వచ్చింది. ఆ డబ్బాని నీళ్ళ గిన్నెలో దించి ఉడికించాలన్న సంగతి తరువాతి డ్యూటీలో వచ్చింది. ఈ రెండు డ్యూటీల మధ్య అమ్మ ఆగలేక డబ్బాని నేరుగా నిప్పుల మీద పెట్టేసింది. తీపి గుడ్డు పొరటు తయారైంది. అది మేమే తినవలసి వచ్చింది. అంటే నేను. చిట్టి "యాక్" అంది, దానికి చెల్లిపోయింది.

ఆ తరువాత అమ్మ చెయ్యి తిరిగింది. నాన్న షెడ్డులో తెలిసినవాళ్ళ చేత ఒక ఇత్తడి డబ్బాకి బిగుతైన మూత చేయించి, లోపల కళాయి పూయించి తెచ్చాడు. చిట్టి అడిగిన డబ్బా అదే. ముందు పంచదారని డబ్బా అడుగున కాచి, ఎర్రబడగానే డబ్బాని చుట్టూ తిప్పి ఆ పాకం పట్టించేది. గుడ్ల వాసన తెలియకుండా జున్నులో వేసినట్టే మిరియాలు, శొంఠి, ఏలకులు దంచి వేసేది. బెల్లం వేడిగా పోస్తే పాలు విరిగిపోతాయి కాబట్టి విడిగా కరిగించి, వడకట్టి, చల్లార్చి కలిపేది. నీళ్ళ గిన్నెలో అడుగున గుడ్డ మడిచి వేసి, దాని మీద డబ్బా, డబ్బా మూత మీద షెడ్డు నుంచి తెచ్చిన పెద్ద ఇనప నట్టు బరువుగా పెట్టేది. రాయపూర్ పాసింజరు కూతకి ఎక్కించాలి, షెడ్డు సైరన్‌కి దించాలి. నిప్పు ఎక్కువైతే జున్నులో బెజ్జాలు పడతాయి, తక్కువైతే కారిపోతుంది. విసనకర్ర పట్టుకుని ఆ మధ్య సమయమంతా కూర్చోవలసింది నేను. మూత కింద నుంచి ఏలకులు, కాచిన పంచదార కలిసిన ఆవిరి వస్తుంటే నోరూరేది. డబ్బా చిన్నది. ముసలావిడకి సరిపోయేది. అడుగున అంటుకున్నది చిట్టికి. "అది చిన్నపిల్ల కదే" అనేది అమ్మ. నాకేమో తొమ్మిదేళ్ళు, పెద్దదాన్నయిపోయాను.

ఒక చిక్కుంది. ఆవు ఈనాక జున్నుపాలు మూడు నాలుగు రోజులే వస్తాయి. పల్లెటూరి మనిషికి ఆ సంగతి మనం చెప్పనక్కరలేదు. అందుకని వారానికొక ఆవు ఈనవలసి వచ్చింది. ఆ వానాకాలం బిలాస్‌పూర్‌లో ఈనినన్ని ఆవులు మరెక్కడా ఈని ఉండవు. నా పలక వెనకవైపు ఎక్కాలు ఉండవలసిన చోట దూడలుండేవి. ఎందుకంటే మామ్మ చుట్ట నోట్లో నుంచి తీసి ఉన్నట్టుండి ప్రశ్నలు వేసేది.

"ఒలే గుంటా, మొన్న ఈనిందన్నావు, పెయ్యా? కోడా?"

"పెయ్యదూడ మామ్మా."

"రంగేటి?"

"తెలుపు."

"నిన్న ఎరుపన్నావు."

"తల్లి ఎరుపు. దూడ తెలుపు."

"ఊఁ. మరి నల్లావు నెల కిందటే కదే ఈనింది, మళ్ళీ ఈనిందేటి?"

నేను పలక వెనక్కి తిప్పి చూసుకునేలోపల అమ్మ వంటింట్లోంచి, "అది ఏరే నల్లావు అత్తా" అనేది. మామ్మ చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకుని, "ఈ ఊరి నీళ్ళు మంచివి" అనేది. ఒకసారి బొగ్గుల కుప్ప వెనక నేను పూడ్చిన గుడ్డు పెంకులు వానకి పైకి తేలాయి. మామ్మ పెరట్లోకి వెళ్ళి చేతికర్రతో వాటిని కదిపింది. "కాకులు ఎక్కడివో తెచ్చి పడీసినట్టున్నాయి" అని తనే అనేసి లోపలికి వచ్చింది. బతికిపోయాం అనుకున్నాను. అప్పటికి నాకు అంతే తెలివి.

తవుడు మాత్రం ప్రతిసారీ పంపేది. ఈనిన ఆవులు లేవు కాబట్టి అన్ని ఆవుల తవుడూ దుకాలూ ఎర్రావే తినేది. బాగా బలిసింది. నన్ను చూస్తే తాడు తెంపుకునేది. చివరికి మధ్యాహ్నం బడి నుంచి వస్తుంటే నా వెనకే మా క్వార్టరు దాకా వచ్చి, గుమ్మంలో తల పెట్టి అరిచేది. "ఇదెవులిదే?" అంది మామ్మ. "పైడి స్నేహితురాలు" అని చిట్టి చెప్పింది. అది వీధంతా పాకింది. బడిలో కూడా అన్నారు. దాని మీద వేరే రాయాలి.

తిండి పడ్డాక మామ్మకి కాళ్ళలో బలం వచ్చింది. బలం రాగానే దూడల్ని చూడాలని పట్టుబట్టింది. ఇన్ని ఇళ్ళ పాలు తిని, ఒక్క దూడ నుదుటనయినా పసుపు పెట్టకపోతే ఎలాగ అంది. అమ్మ నా వైపు చూసింది. నేను, "అవన్నీ సర్కండాలో ఉన్నాయి మామ్మా, అర్పా అవతల" అన్నాను. నది నిండుగా పొంగుతున్న రోజులు. అవతలికి వెళ్ళే పని ఆడవాళ్ళెవరూ పెట్టుకునేవారు కాదు. ఆ రోజు నుంచి మా ఆవులన్నీ అర్పా అవతలే ఈనాయి. నా బుర్రకి తట్టిన ఆ ఒక్క మాట మా అమ్మ పరువు వానలు తగ్గేదాకా కాపాడింది. దానికి నాకెవరూ చెంచాడు పుడ్డింగు కూడా ఇవ్వలేదు.

వానలు వెనక్కి తగ్గాయి. మామ్మ రోజూ నాన్నని, "నది తీసిందేటి?" అని అడిగేది. "ఇంకా లేదమ్మా" అని నాన్న. ఒకరోజు పక్క క్వార్టరావిడ సర్కండా బజారు నుంచి కూరలు తెచ్చుకుని మా అరుగు మీదే దింపింది. మామ్మ ఆ బుట్ట వైపు చూసి, కర్ర తీసుకుని, "ఎల్లుండి మంచిరోజు. పసుపు కొమ్ములు నూరించు" అంది అమ్మతో. అమ్మకి ఆ రోజు అన్నం దిగలేదు. సర్కండా వెళితే ఒక్క దూడా లేదు. ఇన్నాళ్ళూ తిన్నది దొరల వంటకం అని తెలిస్తే ముసలావిడ అక్కడి నుంచే స్టేషన్‌కి నడుస్తుంది. చీపురుపల్లిలో ఈసారి తిండి పెట్టలేదనే మాటకి తోడు మైల కూడు పెట్టారనే మాట కూడా వస్తుంది.

మర్నాడు పొద్దున్నే దుకాలూ మా గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. మొహమంతా నవ్వు. చేతిలో లోటా. "నోనీ, తోర్ గాయ్ బియా గే!" అని అరిచాడు. నీ ఆవు ఈనిందని. ఆ ఎర్రావు అంతలా బలవడానికి మా తవుడొక్కటే కారణం కాదన్నమాట. నాన్న నోట రెండు నెలల కిందటే ఈనిన ఆవు, ఇప్పుడు నిజంగా ఈనింది. మొదటి పూట జున్నుపాలు, చిక్కగా, పసుపు పచ్చగా, నాకోసమే తెచ్చాడు. సందులో వాళ్ళ పాక దాకా నన్ను తీసుకెళ్ళి దూడని కూడా చూపించి, లోటా నా చేతికిచ్చి పంపాడు. ఎర్రటి పెయ్యదూడ, నుదుట తెల్లటి చుక్క. నేను ఆ లోటాని రెండు చేతులతో పట్టుకుని, ఒక్క చుక్క తొణక్కుండా, నాలుక కూడా బయట పెట్టకుండా నడిచి వచ్చాను. ఇది ప్రమాణం చేసి చెబుతున్నాను.

మా అమ్మ ఆనందం చెప్పలేను. రెండు నెలల తరువాత మా ఇంట్లో మొదటిసారి నిజమైన జున్ను. చూడడానికి నిజమైన దూడ, అదీ కాలనీలోనే. అమ్మ అందులో గుడ్డు వేయలేదు, పంచదార కాచలేదు. బెల్లం, మిరియాలు, ఏలకులు, అంతే. పాసింజరు కూతకి ఎక్కించాం, సైరన్‌కి దించాం. గట్టిగా, గరుకుగా, పైన సన్నటి బెజ్జాలతో, అచ్చం మా ఊరి జున్ను. అమ్మ స్వయంగా గిన్నెలో పెట్టి తెచ్చింది. నాన్న కూడా డ్యూటీకి బయలుదేరుతూ ఆగాడు.

మామ్మ ఒక చెంచా తిన్నది. నమిలింది, అంటే చిగుళ్ళతో. ఆగింది. చెంచాతో అడుగు దాకా పొడిచి చూసింది. అడుగున ఎర్రది లేదు.

"ఇది జున్నేటి?" అంది.

"జున్నే అత్తా. మొదటి పూట పాలు" అంది అమ్మ.

"ఎవులికి చెప్తావు? మొదటి పూట పాలైతే అడుగున ఎరుపేదీ? ఆ వణుకేదీ? ఎవులు తెచ్చారు పాలు?"

"నేనే మామ్మా" అన్నాను గర్వంగా. అంత గర్వంగా నేను మళ్ళీ ఎప్పుడూ ఏదీ చెప్పలేదు.

"అదీ సంగతి! దారిలో తాగీసి, ఏరే పాలు కలిపీసి తెచ్చిందీ గుంట! సూడు, మూతి సూడు దానిది!" అని నా నెత్తి మీద టక్కు టక్కున రెండు మొట్టింది.

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ సిగిడీలో బొగ్గులు సర్దుతోంది. నాన్న వైపు చూశాను. నాన్న వంగి చెప్పుల పట్టీ బిగిస్తున్నాడు. అది అప్పటికే బిగించి ఉంది. నేను నిజమైన పాలు తెచ్చానని వాళ్ళు ఒక్క మాట అంటే, మరి ఇన్నాళ్ళూ తిన్న ఎర్ర అడుగు ఏమిటన్న ప్రశ్న వస్తుంది. అందుకని అనలేదు. రెండు నెలలు అబద్ధాలు మోసినప్పుడు నేను బంగారుతల్లిని. మొదటిసారి నిజం మోసుకొచ్చిన రోజు దొంగని. "పాలపిల్లి!" అంది చిట్టి, నాలుగేళ్ళ పిల్ల, అప్పుడే అంత నోరు. ఆ పేరు అక్కడే పుట్టింది. నేను పెరట్లోకి వెళ్ళి ఏడ్చి వచ్చేసరికి, మామ్మ తోసేసిన ఆ నిజం జున్నుని నాన్న, అమ్మ, చిట్టి ముగ్గురూ కలిసి తినేశారు. డబ్బా కడిగి బోర్లించి కూడా ఉంది.

మర్నాడు అమ్మ మళ్ళీ గుడ్లు తెప్పించింది. "సర్కండా నుంచి వచ్చిందత్తా" అని పెట్టింది. మామ్మ అడుగు దాకా తిని, "ఇదీ జున్నంటే" అంది. దూడల్ని చూసే ప్రయాణం మాటే మళ్ళీ ఎత్తలేదు. ఒక దూడ నుదుట పసుపు పెట్టడానికి దుకాలూ పాకకి వెళ్ళి వచ్చి, అందులోనే తృప్తి పడింది. ట్రంకు పెట్టె మంచం కింద నుంచి కదలలేదు. ఆ తరువాత ఏడేళ్ళు బతికి, మా ఇంట్లోనే కన్ను మూసింది. నా పెళ్ళిలో అప్పగింతలప్పుడు మా అత్తగారి చెయ్యి పట్టుకుని, "గుంట మంచిదే. పాల దగ్గర మాత్రం ఓ కన్నేసి ఉంచండి" అని చెప్పింది. మా అత్తగారు ఆ మాట బతికినన్నాళ్ళూ మరచిపోలేదు. అమ్మ పెద్దదయ్యాక ఎన్నోసార్లు అడిగాను, ఒక్కసారి చిట్టి ముందు నిజం చెప్పమని. "ఇప్పుడెందుకే అవన్నీ" అనేది. ఎప్పుడు మరి?

చిట్టి వెళ్ళిన వారానికి నాకు మిగిలిన నాలుగు పళ్ళూ తీసేశారు. రాజ్‌కిశోర్ నగర్‌లో మా అబ్బాయి ఇల్లు. వంటింట్లో ఫ్రిజ్ ఉంది, గంట కొట్టి చెప్పే పొయ్యి ఉంది, డబ్బాలో దొరికే కస్టర్డు పొడి ఉంది. ఎవరూ విసనకర్ర పట్టుకుని కూర్చోనక్కరలేదు, రైలు కూత కోసం చెవి పెట్టనక్కరలేదు. అయినా పెట్టింది తినబుద్ధి కాలేదు. జావ, కిచిడీ, మళ్ళీ జావ. రెండు రోజులు కంచం తోసేశాను. నేను ఊరికే తోయలేదు, అది నిజంగా బాగులేదు. మూడో రోజు మధ్యాహ్నం మా కోడలు సునీత ఒక గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది.

"అత్తా, మీరు రోజూ చెప్తారు కదా జున్నని. పక్క గల్లీలో గుప్తాజీ ఆవు ఈనిందట. పంపించారు."

గిన్నె కదిపి చూశాను. వణికింది. చెంచాతో అడుగు దాకా పొడిచాను. ఎర్రగా ఉంది. మిరియం లేదు, ఏలకు లేదు, బజారు వెనిల్లా వాసన గుప్పున కొట్టింది. పక్క గల్లీలో నాలుగంతస్తుల ఇళ్ళు, వాటి ముందు కార్లు. ఆవు నిలబడడానికి జానెడు నేల లేదు. సునీత మొహం చూశాను. మా అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడ్డప్పటి మొహమే.

ఒక చెంచా తిన్నాను. తింటుండగా నాకు మొదటిసారి తట్టింది. ఆ బొగ్గుల కుప్ప దగ్గర పెంకుల్ని కర్రతో కదిపి, కాకుల మీదికి తోసేసిన మనిషికి జున్నేదో, కానిదేదో తెలియదా? వేల జున్నులు తిన్న పల్లెటూరి మనిషి. ఆవిడకి మొదటి గిన్నె నుంచే తెలుసు. దొరల వంట తింటున్నానని ఒప్పుకోలేదు, మానుకోనూ లేదు. నిజం జున్ను ఇంట్లోకి వస్తే ఇక ఆ వణికేది రాదేమోనని భయం. కోడలితో నేరుగా చెబితే పరువు పోతుంది. అందుకని నా నెత్తి మీద మొట్టి మా అమ్మకి చెప్పింది. ఆ కబురుకి నా తల పోస్టు డబ్బా అయింది. మా అమ్మకి అందింది కూడా, మర్నాడే గుడ్లు తెప్పించింది. ముగ్గురు పెద్దాళ్ళూ ఒకరినొకరు కాపాడుకున్నారు. అరవై ఏళ్ళుగా ఆ ముసలావిడ మీద నాకున్న ఫిర్యాదు ఈ మధ్యాహ్నంతో రెండింతలయింది.

"బాగుంది" అన్నాను. సునీత మొహం విప్పారింది. అడుగున పాకం వేలితో తుడుచుకుని తిన్నాను. అరవై ఏళ్ళకి, మొదటిసారి, ఆ ఎర్ర అడుగు నాది.

"పెయ్యా, కోడా?" అన్నాను.

"అంటే?"

"దూడ. ఆడా, మగా?"

"అచ్ఛా... లడ్కీ. లడ్కీ అత్తా."

"రంగు?"

"వైట్" అని, కాస్త ఆగి, "బ్రౌన్ కూడా ఉంది" అంది.

నేను తల ఊపాను. గిన్నె ఖాళీగా పంపకూడదని, గుప్పెడు తవుడు, బెల్లం ముక్క వేసి ఆవుకి పెట్టి రావాలని చెప్పాను. తవుడు ఎక్కడ దొరుకుతుందంటే సర్కండా బజారులో వెతకమన్నాను. సునీత అటూ ఇటూ చూసి, "పరీ! ఇధర్ ఆ, బేటా!" అని పిలిచింది. పిల్ల బొమ్మ వదిలేసి పరిగెత్తుకొచ్చి గిన్నె కోసం చెయ్యి చాపింది.

నేను ఆ చెయ్యి పట్టుకుని ఆపేశాను.

"పిల్లని పంపకు. నువ్వే తీసుకెళ్ళు" అన్నాను. పరీని నా పక్కన మంచం మీద కూర్చోబెట్టుకుని, గిన్నె అంచుకి మిగిలిన ముక్క దాని నోట్లో పెట్టాను.